ఎదుగుదల హార్మోను సూది, పాలలోని ఖనిజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పశువైద్యం చేస్తూ తిరిగేవాడికి మందుల సంచీ కన్నా ప్రశ్నల సంచీ బరువు. ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నవి హార్మోను సూది గురించి. 'ఆ పాలలో క్యాల్షియం ఉండదట కదా', 'తాగితే ఎముకలు గుల్లవుతాయట కదా' అని పాడి రైతులూ అడుగుతున్నారు, ఒంగోలులో పాకెట్ పాలు కొనేవారూ అడుగుతున్నారు. పదే పదే ఎదురైన వాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఎదుగుదల హార్మోను అంటే ఏమిటి?

ఆవు మెదడు కింద ఉండే పీయూష గ్రంథి తయారుచేసే ప్రోటీను అది. పెయ్యగా ఉన్నప్పుడు ఒంటిని పెంచుతుంది. ఈనిన తరువాత దాని పని మారుతుంది: తిన్న మేత ఒంటికి కొవ్వుగా పట్టకుండా పొదుగు వైపు మళ్లిస్తుంది. పీయూష గ్రంథి రసాన్ని ఎక్కిస్తే ఆవు ఎక్కువ పాలు ఇస్తుందని 1937లోనే రష్యా శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ వధశాలల నుంచి తెచ్చిన గ్రంథులతో ఎన్ని ఆవులకని సూదులు వేయగలరు? 1980లలో బ్యాక్టీరియా చేత ఈ ప్రోటీనును తయారు చేయించడం చేతనయ్యాకే అది సరుకుగా మారింది. అమెరికాలో 1993 నవంబరులో అనుమతి వచ్చింది, 1994 ఫిబ్రవరిలో 'పోసిలాక్' పేరుతో మోన్‌శాంటో కంపెనీ అమ్మకం మొదలుపెట్టింది. ఈనిన తొమ్మిదో వారం నుంచి, 14 రోజులకు ఒకసారి, 500 మిల్లీగ్రాములు చర్మం కింద వేస్తారు. పాలు సుమారు 10 నుంచి 15 శాతం పెరుగుతాయి.

ఆ సూది వేసిన ఆవు పాలలో క్యాల్షియం తగ్గుతుందా?

తగ్గదు. లీటరులో ముందు ఎంత ఉందో తరువాతా దాదాపు అంతే ఉంటుంది. ఆవు పాలు 100 మిల్లీలీటర్లలో క్యాల్షియం సుమారు 120 మిల్లీగ్రాములు, భాస్వరం 95, పొటాషియం 150, సోడియం 45 నుంచి 50, మెగ్నీషియం 11 వరకు ఉంటాయి. అన్ని ఖనిజాలూ కలిపి, అంటే పాలను ఎండబెట్టి కాల్చితే మిగిలే బూడిద, 0.7 శాతం. సూది వేసిన మందలోనూ, వేయని మందలోనూ ఈ అంకెలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొద్దిపాటి తేడా కనిపించినా అది జాతిని బట్టి, కాలాన్ని బట్టి, ఈనిన తరువాత ఎన్నో నెల అన్నదాన్ని బట్టి ఎప్పుడూ ఉండే తేడాను మించదు. 1990 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల మండలి కూడా పాల కూర్పులో చెప్పుకోదగ్గ మార్పు లేదనే తేల్చింది.

ఎందుకు మారదు అన్నది నాకు ఇష్టమైన విషయం. క్యాల్షియం పాలలో నీళ్లలో ఉప్పులా కరిగి ఉండదు. మూడింట రెండు వంతులు కేసీన్ అనే ప్రోటీనుతో ముడిపడి, భాస్వరంతో కలిసి, కంటికి కనిపించని రేణువులుగా తేలుతూ ఉంటుంది. పాలకు ఆ తెలుపు చాలావరకు ఆ రేణువుల వల్లే. పొదుగులోని కణం కేసీన్ తయారుచేసినప్పుడే దానికి తగిన క్యాల్షియం రక్తం నుంచి లాగి జత చేస్తుంది. కేసీన్ ఎంతో క్యాల్షియం అంత. ఇక సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఈ మూడూ పాల చక్కెరతో కలిసి పాల గాఢతను రక్తం గాఢతతో సమానంగా నిలబెడతాయి. ఆ తూకం తప్పితే నీరు అటో ఇటో జారి మళ్లీ సరిచేస్తుంది. హార్మోను చేసే పనల్లా పొదుగుకు రక్తాన్ని ఎక్కువగా పంపడం, పాల కణాలు త్వరగా అలిసిపోకుండా చూడడం. పెళ్లి వంటశాలలో పొయ్యిలు పెరిగాయి అనుకోండి. సాంబారులో పప్పు కొలత మారలేదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. సూదులు మొదలైన తొలి వారాల్లో పాలు పెరుగుతాయి గానీ ఆవు తిండి వెంటనే పెరగదు. ఆ లోటు రోజుల్లో ఒంటి కొవ్వు కరిగి పాలలో వెన్న కొంచెం పెరుగుతుంది, ప్రోటీను కొంచెం జారుతుంది. ప్రోటీనుతోపాటు క్యాల్షియం కూడా పిసరంత కదలవచ్చు. మేత అందుకున్నాక అంతా సర్దుకుంటుంది.

పాలు పెరిగి, లీటరులో క్యాల్షియం తగ్గలేదంటే ఆ అదనపు క్యాల్షియం ఎక్కడి నుంచి వస్తోంది?

అడగవలసిన ప్రశ్న ఇదే, కానీ తక్కువ మంది అడుగుతారు. తాగేవాడి గ్లాసు గురించి బెంగ, ఇచ్చేదాని ఎముక గురించి ఉండదు.

లెక్క వేద్దాం. రోజుకు 10 లీటర్లు ఇచ్చే సంకరజాతి ఆవు పాలలో 12 గ్రాముల క్యాల్షియం బయటికి పోతుంది. అది 11.5 లీటర్లు ఇస్తే దాదాపు 14 గ్రాములు. ఆవు రక్తంలో ఒక్కసారికి తిరిగే క్యాల్షియం రెండు మూడు గ్రాములే. అంటే ఒక్క రోజులో రక్తంలోని క్యాల్షియం మొత్తం నాలుగైదు సార్లు ఖాళీ అయి, మళ్లీ నిండాలి. నింపేవి రెండే: మేత, ఎముక. మేతలోని క్యాల్షియంలో సగం కూడా ఒంటికి పట్టదు కాబట్టి, ప్రతి లీటరు పాలకు మేతలో రెండున్నర, మూడు గ్రాములు అదనంగా ఉండాలి. అది లేకపోతే ఆవు పాలను పలచన చేయదు, ఎముకను కరిగించి పోస్తుంది.

మీరు ఈ మాటను హార్మోను లేకుండానే చూసి ఉంటారు. మంచి పాల పశువు ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి కూలబడి, మెడ పక్కకు తిప్పి డొక్కలో పెట్టుకుని, చెవులు చల్లబడి పడుకుంటుంది. పాల జ్వరం. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లగా ఉంటుంది. ముర్రుపాలలో క్యాల్షియం మామూలు పాలలో కన్నా చాలా ఎక్కువ. ఒక్కసారిగా అంత లాగేసరికి రక్తంలో అడుగంటుతుంది. అప్పుడు కూడా ఆ జున్ను పాలను పరీక్షిస్తే క్యాల్షియం నిండుగానే ఉంటుంది. నరానికి క్యాల్షియం సీసా నెమ్మదిగా ఎక్కిస్తే, సీసా అయ్యేలోపు ఒళ్లు వణికి, తేనుపు తీసి, పేడ వేసి లేచి నిలబడేవి ఎన్నో. పశువైద్యంలో ఇంత త్వరగా మెప్పు తెచ్చే పని మరొకటి లేదు.

ఇనుము, జింకు, అయోడిన్ లాంటివి?

ఇనుము పాలలో ఎప్పుడూ తక్కువే, హార్మోను ఉన్నా లేకపోయినా. అయోడిన్, సెలీనియం మేతను బట్టి నడుస్తాయి. ఆ అమెరికా మందును జింకుతో కట్టి, నువ్వుల నూనెలో కలిపి తయారు చేస్తారు. అయినా పాలలో జింకు పెరగదు. సూదిలో ఉన్నది అంత స్వల్పం.

పాల కేంద్రంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూసి హార్మోను వేశారో లేదో చెప్పవచ్చా?

చెప్పలేరు. ఎస్.ఎన్.ఎఫ్. అంటే పాలలో నీళ్లూ వెన్నా పోగా మిగిలే ఘనపదార్థం; అది వందకు ఎనిమిదిన్నర ఉంటే అందులో ఖనిజాల వాటా ముప్పావు కూడా ఉండదు. అందులో మార్పే లేనప్పుడు యంత్రం ఏం చూపిస్తుంది? పైగా ఆవుకు సహజంగానే ఆ హార్మోను ఉంటుంది.

మా ఊళ్లో గేదె చేపడానికి, అంటే పాలు దించడానికి, వేసే సూది ఇదేనా?

కాదు, కాదు. ఈ గందరగోళమే మన దగ్గర సగం భయానికి మూలం. మీ ఊళ్లో పాలు పితికే ముందు వేసేది ఆక్సిటోసిన్. అది వేరే హార్మోను, వేరే పని. ఎదుగుదల హార్మోను పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ ఉన్న పాలను కిందికి తోస్తుంది. మొదటిది వారాల మీద పనిచేస్తుంది, రెండోది నిమిషంలో పనిచేసి కొద్ది నిమిషాల్లో రక్తం నుంచి మాయమవుతుంది. ఇన్నేళ్లలో ఈ రెండు జిల్లాల్లో ఏ పశువుల పాకలోనూ ఎదుగుదల హార్మోను సీసా నా కంటపడలేదు. పేరు చీటీ లేని ఆక్సిటోసిన్ సీసాలు మాత్రం చూరులో దోపి ఉండగా ఎన్నో చూశాను.

గేదె స్వభావం కూడా దీనికి కారణం. దాని పాలలో చాలా భాగం పొదుగు పైభాగంలోని సన్నని సంచుల్లో ఉంటుంది, కిందికి దిగదు. దూడ వచ్చి కుమ్మాలి, లేదా దాణా బుట్ట శబ్దం వినాలి. దూడ చనిపోతే చేపదు. పూర్వం చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కుక్కి ముందు నిలబెట్టేవారు. ఇప్పుడు సూది సులువైంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం పాలు పెంచడం కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, రోజూ సూదికి అలవాటు పడిన గేదె సూది లేనిదే చేపదు. చేతులారా తెచ్చుకున్న తంటా.

ఖనిజాల మాటకొస్తే, ఈ రెండింటిలో పాలను కాస్తయినా మార్చగలిగేది ఆక్సిటోసినే. మోతాదు మించి పదే పదే వేస్తే పొదుగు కణాల మధ్య అతుకులు వదులై, రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి జారతాయి. పొటాషియం, పాల చక్కెర రక్తంలోకి వెళ్తాయి. తాత్కాలికమే. కానీ నాలుకకు తెలిసే మార్పు.

పాలు ఉప్పగా ఉంటున్నాయి. హార్మోను వల్లేనా?

పోయిన వేసవిలో కందుకూరు దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దావిడ నన్ను ఆపింది. "డాక్టరు గారూ, పాలు కాస్తే విరిగిపోతున్నాయి. కోడలు ఉప్పగా ఉన్నాయంటోంది. కేంద్రంలో హార్మోను సూది వేశారా అని అడుగుతున్నారు. మేము ఏ సూదీ వేయలేదు బాబూ" అంది. నాలుగు చన్నుల పాలు నాలుగు చిన్న గిన్నెల్లో వేరువేరుగా పితికించాను. మూడింటిలో గేదె పాలు గేదె పాలలాగే ఉన్నాయి. వెనక ఎడమ చన్ను పాలు నీలంగా, పలచగా, అడుగున నూకల్లా చిన్న పలుకులతో ఉన్నాయి. బట్టల సబ్బు పొడిని నీళ్లలో కలిపి, ఎన్ని పాలకు అన్ని ఆ సబ్బు నీళ్లు పోసి గిన్నెలు తిప్పాను. మూడు గిన్నెల్లో ఏమీ కాలేదు. నాలుగోది గంజిలా చిక్కబడి, గిన్నె వంచితే ముద్దగా జారింది. పొదుగు వాపు. పైకి వాపు కనిపించలేదు, ముట్టుకుంటే నొప్పీ లేదు, లోపల మొదలైంది.

పొదుగు వాపులో కణాల గోడ దెబ్బతిని రక్తంలోని ఉప్పు పాలలో కలుస్తుంది. 100 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాముల దగ్గర ఉండవలసిన సోడియం 100 దాటవచ్చు. పొటాషియం తగ్గుతుంది. కేసీన్ తగ్గి దానితోపాటు క్యాల్షియమూ తగ్గుతుంది. పాలలో ఖనిజాలు నిజంగా తారుమారయ్యేది ఇక్కడే. యంత్రంతో పాల విద్యుత్ వాహకత కొలిచి ఈ జబ్బును పట్టుకునేది కూడా ఈ ఉప్పు పెరుగుదలను బట్టే. (వట్టిపోయే ముందు నెలలోనూ పాలు కొంచెం ఉప్పగా ఉంటాయి, అది జబ్బు కాదు.)

ఎదుగుదల హార్మోనుకు ఇందులో పరోక్షమైన పాత్ర ఉంది. ఆ సూది వేసిన ఆవుల్లో పొదుగు వాపు ఎక్కువగా వస్తుంది. మందు పెట్టె మీదే ఆ హెచ్చరిక ఉంటుంది. కెనడా పశువైద్య నిపుణులు అన్ని పరిశోధనలనూ కలిపి చూసి ఆ ముప్పు సుమారు 25 శాతం పెరుగుతుందని అంచనా కట్టారు. కుంటితనం, చూడి నిలవకపోవడం అంతకన్నా ఎక్కువ. అందుకే 1999లో కెనడా ఆ మందుకు అనుమతి నిరాకరించింది, ఐరోపా సమాఖ్య 2000 నుంచి నిషేధించింది. కెనడా అభ్యంతరం పాలు తాగే మనిషి గురించి కాదు, ఆవు గురించి.

తాగేవారికి ప్రమాదం లేనట్టేనా?

ఆవు హార్మోను ప్రోటీను కాబట్టి కడుపులో పప్పు, గుడ్డు అరిగినట్టే అరుగుతుంది. పైగా మనిషి హార్మోనుకు దీనికి పోలిక తక్కువ. రక్తంలోకి నేరుగా ఎక్కించినా మన ఒంట్లో పనిచేయదు. వాదన ఇంకా నడుస్తున్నది ఐ.జి.ఎఫ్.-1 అనే, కణాల పెరుగుదలకు తోడ్పడే మరో ప్రోటీను గురించి. సూది వేసిన ఆవు పాలలో అది కొంత పెరుగుతుంది. మన ఒంటిలోనే రోజూ తయారయ్యే దానితో పోలిస్తే పాలలో వచ్చేది చాలా స్వల్పమని అమెరికా నియంత్రణ సంస్థ వాదన. ఐరోపా నిపుణులు దానితో తృప్తి పడలేదు. ఖనిజాల విషయంలో మాత్రం ఈ రెండు పక్షాలకూ తగాదా లేదు.

మాది కనిగిరి వైపు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది పాలలోకి వస్తుందా?

హార్మోను గురించి అడిగిన వందమందిలో ఈ ప్రశ్న అడిగిన ఒక్కరికి నేను కుర్చీ వేసి కూర్చోబెడతాను. మన నేలలో ఖనిజాల కథ అంటే ఇదే.

ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మనుషుల్లో ఉందని మన దేశంలో మొదట నమోదైంది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1937లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. రష్యావారు ఆవుకు పాలు పెంచే హార్మోను గురించి ప్రకటించిన ఏడాదే మన ఊళ్ల ఎముకల గురించి లోకానికి తెలిసింది. అంతకుముందే రైతులు ఎద్దులు కాళ్లు ఈడ్చడం, కాడి కింద నడవలేకపోవడం చూసి ఉన్నారు. మనిషి కన్నా ముందు పశువు చెప్పింది.

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనిషికి మంచిది కాదంటారు. పశువు మనలా రెండు మూడు లీటర్లు తాగదు, ఎండాకాలంలో 50, 60 లీటర్లు తాగుతుంది. అంత ఫ్లోరైడ్ పోయినా పాలలోకి వచ్చేది చాలా తక్కువ. రక్తంలో చేరినదాన్ని ఎముక, పన్ను పట్టేసుకుంటాయి, మిగిలింది మూత్రంలో పోతుంది. పొదుగు దాదాపు దాన్ని దాటనివ్వదు. కాబట్టి మీ గేదె పాలు తాగడానికి భయం లేదు. భయం గేదెకే: ముందు పళ్లు చూడండి. చారలు చారలుగా గోధుమ రంగు, గుంటలు, ఒక పన్ను పొడుగు ఒకటి అరుగు ఉంటే అది దూడ వయసులోనే ఆ నీళ్లు తాగిందని అర్థం. అరిగిన పళ్లతో గడ్డి సరిగా నమలలేదు, చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని తొట్టి దగ్గర తల వెనక్కి తీస్తుంది. తిండి తగ్గి పాలు తగ్గుతాయి. ఏ హార్మోనూ దాన్ని సరిచేయదు. వాన నీళ్లో, చెరువు నీళ్లో కనీసం దూడలకైనా ఏర్పాటు చేయండి; దాణాలో క్యాల్షియం బాగా ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్ కొంత దానికి అంటుకుని పేడలో పోతుంది.

వరిగడ్డి, తవుడు, నూనెగింజల చెక్క మేపుతున్నాం. ఖనిజ మిశ్రమం కూడా కావాలా?

కావాలి. వరిగడ్డిలో ఉన్న కాస్త క్యాల్షియాన్నీ అందులోని ఆక్సలేట్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. నేపియర్ గడ్డిలోనూ ఆక్సలేట్ ఉంది. తవుడులో భాస్వరం క్యాల్షియం కన్నా పది రెట్లకు పైనే. అంటే నెల్లూరు డెల్టాలో కడుపు నిండా తినే గేదె కూడా క్యాల్షియానికి పస్తులే. రోజుకు 50 గ్రాముల మిశ్రమం, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు, దాణాలో కలిపితే పది గ్రాములకు పైగా క్యాల్షియం అందుతుంది. కొనేటప్పుడు సంచి మీద భారత ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 1664 ఉందో లేదో చూడండి.

కొనకుండా దొరికేదీ ఉంది. ప్రకాశంలో కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్ తోటలు ఎన్ని లేవు! ఆ ఆకులో క్యాల్షియం పుష్కలం. పచ్చిమేతలో మూడో వంతు మించకుండా కలపండి. మించితే అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి. అవిశ ఆకు, పిల్లిపెసర, అలసంద కూడా మంచివే.

ఒంగోలు ఆవుకు ఎదుగుదల హార్మోను వేస్తే పాలు పెరుగుతాయా?

ఈతకు ఏడెనిమిది వందల లీటర్లు ఇచ్చే ఆవుకు పది శాతం పెరిగితే ఎంత? ఆ జాతి గొప్పదనం పాలలో లేదు. 1960లలో ఒంగోలు పక్కన కరవది నుంచి బ్రెజిల్ వెళ్లిన కోడె అక్కడ ఊరి పేరుతోనే పేరు మోసింది; అక్కడి మందలను ఇప్పటికీ 'నెలోర్' అనే అంటారు. వాళ్లు వాటిని పాల కోసం పెంచలేదు.

ఊళ్లో పాలు పోయించుకుంటున్నాం. పిల్లలకు క్యాల్షియం తగ్గకుండా ఏం చూసుకోవాలి?

నీళ్లు. లీటరు ఆవు పాలలో పావు లీటరు నీళ్లు కలిపితే 100 మిల్లీలీటర్లకు 120 ఉన్న క్యాల్షియం 96కు పడిపోతుంది. ప్రపంచంలో ఏ హార్మోనూ అంత తగ్గించలేదు. ఆ నీళ్లు కనిగిరి బోరువైతే, గేదె తన ఎముకల్లో దాచుకుని పాలకు రానివ్వని ఫ్లోరైడ్‌ను మనిషి చెంబుతో పోసినట్టు. గేదె పాలైతే క్యాల్షియం 180 దాకా ఉంటుంది కాబట్టి ఇంట్లో కొంచెం నీళ్లు కలుపుకున్నా నష్టం లేదు.

పాలు ఎక్కువసేపు కాస్తే క్యాల్షియం పోతుందా?

పోదు. కొద్దిగా గిన్నె అడుగుకు తెల్లగా అంటుకుంటుంది, అంతే. దాన్ని చెంచాతో గీరి చక్కెర అద్దుకుని తినే పిల్లలకు అదీ దక్కుతుంది.